ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్

మా పెళ్ళయిన పాతికేళ్ళకు నేను లారీ తోలాను. అది లారీ అని ఒప్పుకోవడానికి మాత్రం అయిదు రోజులు పట్టింది. ఈలోగా ఒక పిక్నిక్ బల్ల, ఒక వెంటిలేటరు మూత, కొంత బ్రేకు లైనింగు ఖర్చయ్యాయి.

పేరుకు దాన్ని ఆర్‌వీ అంటారు. ముందు ఫోర్డు వ్యాను మూతి, వెనక డబ్బాలాంటి గది, డ్రైవరు నెత్తిమీద అటక మాదిరి ఒక పడక. మొత్తం పాతిక అడుగుల పొడవు. లోపల గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, మంచం, మోచేతులు ముడుచుకుంటే తప్ప తలుపు పడని బాత్రూము. 2018 సెప్టెంబరులో, ఇరవయ్యయిదో పెళ్ళిరోజు పేరు చెప్పి, డాలస్ నుంచి లాస్‌వేగస్ దాకా విమానంలో వెళ్ళి, అక్కడ దాన్ని రెండు వారాలకు అద్దెకు తీసుకున్నాం. గ్రాండ్ కేన్యన్, జాయన్, బ్రైస్, ఆర్చెస్, ఆపైన యెల్లోస్టోన్. క్యాంపు స్థలాలు ఆరు నెలల ముందే పట్టేశాను. నాలుగు రంగుల ఎక్సెల్ షీటు తయారుచేశాను. ఏ రోజు ఏ ఊళ్ళో సూర్యుడు ఎన్నింటికి అస్తమిస్తాడో అందులో ఉంది. బండి ఎత్తు ఎంతో లేదు.

అద్దె కాయితాల్లో రెండో డ్రైవరు పేరు రాసే గడి ఒకటుంటుంది. దాన్ని ఖాళీగా వదిలేశాను. డబ్బుకి చూసుకుని కాదు. “నీకెందుకా శ్రమ, హాయిగా కూర్చుని కిటికీలోంచి చూడు” అన్నాను మా ఆవిడతో. ఎంత ప్రేమగల మొగుణ్ణో అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

బండి అప్పగించే కుర్రాడు ట్యాంకులు చూపిస్తున్నాడు. మంచినీళ్ళది ఒకటి, స్నానాల నీళ్ళది ఒకటి, దొడ్డిది ఒకటి. ఖాళీ చేసేటప్పుడు ముందు దొడ్డిది వదలాలి, తర్వాత స్నానాల నీళ్ళు వదిలితే గొట్టం దానంతటదే కడుక్కుంటుంది అని చెప్పాడు. నేను అన్నీ తెలిసినట్టు తలూపాను. (ఆ వరస తిరగేసిన రోజు సంగతి మాత్రం, ఇది భోజనాల వేళ చదివేవాళ్ళుంటారని వదిలేస్తున్నాను.) తలతిప్పి చూస్తే పక్కన మా ఆవిడ లేదు. బండి వెనకాల గొంతుక్కూచుని, వంటసామాను సంచిలోంచి అప్పడాల కర్ర తీసి, జంట టైర్లను ఒక్కొక్కటే కొడుతోంది. మూడు టైర్లు ఠంగుమన్నాయి. నాలుగోది ధబ్బుమంది.

“ఎడంవైపు లోపలి టైర్లో గాలి తక్కువుంది” అంది, పైకి లేస్తూ.

కుర్రాడు నవ్వాడు. వాడితో కలిసి నేనూ నవ్వాను. “ఈ కాలం బండ్లకు సెన్సర్లుంటాయి” అన్నాను. ఆ బండికి లేవని ఆ తర్వాత తెలిసింది.

ఆవిడది సాలూరు. తెలియనివాళ్ళకు చెప్పాలంటే, విజయనగరం నుంచి రామభద్రపురం మీదుగా వెళ్తే ఒడిశా కొండలు ఇక అడ్డం నిలబడతాయనగా వచ్చే ఊరు. విజయవాడ తర్వాత లారీలంటే సాలూరే అని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. రాయపూర్ రోడ్డు ఆ ఊరి మీదుగానే కొండెక్కుతుంది. కోనవలస, సుంకి, పొట్టంగి, కోరాపుట్ దాకా ఒకటే ఘాట్. ఆ రోడ్డు మీద మా మామగారు ముప్ఫై ఏళ్ళు లారీ నడిపారు. సొంత లారీయే. ఒక్కటే. పాత టాటా 1210, దాని మీద ఎప్పుడూ తీరని ఫైనాన్సు. వేసవి సెలవుల్లో మా ఆవిడ కేబిన్లో డ్రైవరు సీటు వెనక పడుకుని కోరాపుట్ అవతలి జైపూర్ దాకా వెళ్ళొచ్చేది. క్లీనరు జ్వరమని ఎగ్గొడితే, పదమూడేళ్ళ పిల్ల దిగి బాడీ మీద అరచేత్తో చరుస్తూ లారీని వెనక్కి తీయించేది. ఒక చరుపంటే ఆగు, రెండంటే పోనీ.

ఇదంతా నాకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. నాకు ముచ్చటేసింది. ముచ్చటేసిన ఆ సంగతిని అమెరికాలో ఏ ఒక్కరితోనూ నేను అనలేదు. “మీ మామగారేం చేస్తారు?” అని ఎవరైనా అడిగితే, “ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ అండీ” అనేవాణ్ణి. అబద్ధమా అంటే కాదు. అందుకే అంత హాయిగా వచ్చేది నోటికి.

మొదటి మజిలీ గ్రాండ్ కేన్యన్ దక్షిణపు అంచున మేథర్ క్యాంపుగ్రౌండు. పైన్ చెట్ల నడుమ చిన్నచిన్న జాగాలు, బండిని వెనక్కి పెట్టుకోవాలి. సాయంత్రం కావస్తోంది. ఎదురు జాగాలో ఒక పెద్దవయసు జంట మడత కుర్చీల్లో కూర్చుని వైను తాగుతూ మమ్మల్నే చూస్తున్నారు. కొత్తగా వచ్చిన బండి వెనక్కి వెళ్ళే తంతు ఇక్కడ పూటా ఉండే ఉచిత వినోదమని అప్పటికి నాకు తెలియదు.

మా ఆవిడ దిగి వెనక్కి వెళ్ళింది. ఆపైన ఆవిడ గొంతు నేనెన్నడూ విననంత గట్టిగా లేచింది.

“రానీ... రానీ... రానీ... లెఫ్టు కొట్టు... ఇంకా కొట్టు... ఆ! సీదా! రానీ...”

పాతికేళ్ళ కాపురంలో నన్ను ‘నువ్వు’ అన్న మొదటిసారి అదే. లారీ వెనక నిలబడ్డ మనిషికి గౌరవ వాచకాలు పెట్టే తీరికుండదు. అరుపుతో పాటు బాడీ మీద చరుపులు. కళాయిలేని గిన్నె మోగినట్టు ఆ ఫైబరు డబ్బా మోగుతోంది. ఎదురు కుర్చీల్లో ఆయన గ్లాసు పక్కన పెట్టి ముందుకు వంగాడు.

నేను బ్రేకు తొక్కి, దిగి వెళ్ళి, పళ్ళ బిగువున అన్నాను: “అరవకు. అందరూ చూస్తున్నారు. చేత్తో సైగ చెయ్యి చాలు. ఆ కొట్టడమొకటి, ఇదేమన్నా సాలూరు లారీ స్టాండా?”

చివరి మాట నోటినుంచి వెళ్ళిపోయాక దాని బరువు తెలిసింది. అప్పటికే ఆవిడ చేతులు కిందికి దించేసింది.

మళ్ళీ ఎక్కి వెనక్కి పోనిచ్చాను. అద్దంలో చూస్తే ఆవిడ చేతులు కట్టుకుని, ఒక్క వేలు మాత్రం అటూ ఇటూ ఆడిస్తోంది. ముందు పైనుంచి టపామని ఒక చప్పుడు, ఆ వెంటనే వెనకనుంచి గర్రుమని ఇంకొకటి. మొదటిది చెట్టుకొమ్మ, బాత్రూము మీద నేను తెరిచి మరిచిపోయిన వెంటిలేటరు మూతను లాక్కుపోయింది. రెండోది పిక్నిక్ బల్ల. దిగి చూస్తే బంపరు ఒక మూల లోపలికి పోయి ఉంది.

“సైగ చేశాను” అంది మా ఆవిడ. ఆ రాత్రికి ఆవిడ మాట్లాడిన మాటలు అవే.

అన్నం సంగతి కూడా చెప్పాలి. ఆ క్యాంపులో కరెంటు కనెక్షన్లు ఉండవు. జనరేటరు వేస్తేగానీ మా రైస్ కుక్కరు పనిచెయ్యదు, జనరేటరు వెయ్యడానికి క్యాంపువాళ్ళు పెట్టిన వేళలు దాటిపోయాయి. ఆవిడ గిన్నెలో ఎసరు పెట్టి గంజి వార్చింది. కందిపప్పు మాత్రం గంటన్నర ఉడికినా పలుకు పలుకుగానే ఉంది. అక్కడి ఎత్తు దాదాపు 7,000 అడుగులు. అంత ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, ఆపైన ఎంత మంట పెట్టినా వేడెక్కవు. ప్రెషర్ కుక్కరుంటే ఉడికేది. ఆవిడ పెట్టెలో పెడితే బయటికి తీసి ఇంట్లో వదిలేయించింది నేనే, బరువని. లోడుతో కలిపి 14,500 పౌన్లు మోస్తుందని డోరు లోపల స్టిక్కరుంది. ఆరున్నర టన్నుల బండికి మూడు లీటర్ల కుక్కరు బరువవుతుందని లెక్కగట్టిన ఇంజినీరును నేను.

మర్నాడు కేన్యన్ అంచున నిలబడి ఆవిడకు పాఠం చెప్పాను. ఇది 277 మైళ్ళ పొడవు, మైలు లోతు. అదిగో ఆ శిఖరం విష్ణు టెంపుల్, అది బ్రహ్మ టెంపుల్, అటు శివ టెంపుల్. 1880ల్లో డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి శిఖరాలకు తూర్పుదేశాల దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలెట్టాడు. అడుగున నది పక్కన కనిపించే ఆ నల్లరాయికి విష్ణు షిస్ట్ అని పేరు, వయసు 170 కోట్ల ఏళ్ళు దాటింది. ఇలా పలక మీద అక్షరాలు దిద్దించినట్టు చెప్పుకుపోతున్నాను. ఆవిడ నేను చూపించే వైపు చూడటం లేదు. దారి మొదట్లో కంచరగాడిదల మీద మూటలు కడుతున్న మనుషుల్ని చూస్తోంది. లోయ అడుగున ఫాంటమ్ ర్యాంచ్ అని ఒక విడిది ఉంది, దానికి సామానంతా వాటి మీదే దిగుతుంది. ఒకాయన రెండు పక్కలా బరువు సమానంగా ఉందో లేదో చేత్తో ఎత్తి చూసి, ముడి విప్పి మళ్ళీ కట్టాడు.

“నాన్న ఉంటే ఇది చూడాల” అంది తనలో తను అనుకున్నట్టు. కంఠంలోకి ఊరు వచ్చేసింది. నేను విష్ణు షిస్ట్ దగ్గరే ఆగిపోయాను.

పేజ్ అనే ఊళ్ళో పెట్రోలు పోయించాం. గ్యాలనుకు ఎనిమిది మైళ్ళు వచ్చింది. నేను ఫోను తీసి కిలోమీటర్లలోకి మార్చబోతుంటే, “లీటరుకి మూడున్నర లోపు. లారీ లెక్కే” అని ఆవిడ కొట్లోకి వెళ్ళిపోయింది. అటు వెళ్ళగానే నేను దొంగలా వెనక్కి చేరి, గాలి కొలిచే పుల్ల అడిగి తీసుకుని, ఎడంవైపు లోపలి టైరుకు పెట్టాను. 80 ఉండాల్సింది 52 ఉంది. గబగబా గాలి పట్టేశాను. లేచి చూస్తే ఆవిడ చిప్స్ పొట్లం పట్టుకుని అద్దాల తలుపు వెనక నిలబడి ఉంది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇక జాయన్. తూర్పు ద్వారం నుంచి వెళ్తే, కొండలో 1.1 మైలు దొలిచిన సొరంగం ఒకటి వస్తుంది. 1930లో పూర్తయింది. అప్పటి కార్ల కొలతకు దొలిచింది. పైకప్పు కమాను కాబట్టి పక్కల ఎత్తు తక్కువ. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తుగానీ, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పుగానీ ఉన్న బండి తన వరసలో పట్టదు, నడిమధ్య నుంచే పోవాలి. అందుకు నేను వెళ్ళిన రోజుల్లో 15 డాలర్లు కట్టించుకుని, అటునుంచి వచ్చే వాహనాలన్నీ ఆపేసి, మన బండిని వదిలేవారు.

గేటు దగ్గర రేంజరు, “మీ బండి ఎత్తెంత?” అంది. నేను ఎక్సెల్ షీటు తెరిచాను. మా ఆవిడ డ్రైవరు సీటు ముందు అంటించిన స్టిక్కరు కేసి వేలు చూపించింది.

అటూ ఇటూ వాహనాలు ఆగిపోయాయి. చీకటి సొరంగంలో పసుపుగీత మీద నేనొక్కణ్ణే రాజాలా వెళ్తున్నాను. కొండ పక్కకు దొలిచిన కిటికీల్లోంచి మధ్యమధ్య ఎర్రటి వెలుగు తళుక్కుమని మాయమవుతోంది. మంత్రిగారి కాన్వాయ్ కోసం బెజవాడ బెంజి సర్కిల్లో గంటలు నిలబడ్డ మనిషిని నేను. ఇవాళ నా కోసం ట్రాఫిక్ ఆపారు. ఛాతీ పొంగింది. నా బండి దారికి పట్టదు కాబట్టి ఆపారన్న సంగతి ఛాతీకి తోచలేదు.

సొరంగం దాటగానే రోడ్డు మెలికలు తిరుగుతూ లోయలోకి దిగుతుంది. నేను బ్రేకు మీద కాలు వేసి తియ్యకుండా దిగుతున్నాను. రెండో మెలిక దగ్గర మా ఆవిడ అంది:

“గేరు దించండి.”

“ఇది ఆటోమేటిక్.”

“బండి ఆటోమేటిక్. కొండ కాదు కదండీ.”

నేను పలకలేదు. మూడో మెలిక దగ్గర కాలిన గోనెపట్ట వాసన వచ్చింది. పక్క బండిదేమో అనుకున్నాను. పక్కన బండి లేదు. పెడలు మెత్తబడింది, నానిన అట్టపెట్టె మీద కాలేసినట్టు లోపలికి పోతోంది. గుండె నోట్లోకొచ్చింది. ముందున్న కొద్దిపాటి పక్కజాగాలోకి తిప్పి, మొత్తం బరువేసి తొక్కితే ఆగింది. నేను హ్యాండ్‌బ్రేకు ఎక్కడుందో వెతుక్కునేలోపు ఆవిడ దూకేసింది. రోడ్డు పక్కనుంచి తలకాయంత ఎర్రరాయి తెచ్చి ముందు చక్రం కింద తోసి, ఇంకొకటి వెనక చక్రం కింద పెట్టింది. కుడివైపు ముందు చక్రంలోంచి పొగ వస్తోంది. నేను నీళ్ళ సీసా తీసుకుని పరుగెత్తాను.

“ఏటండీ మీరు! కాలిన ఇనుము మీద నీళ్ళు పోస్తారేటి, పగిలిపోద్ది!” అని సీసా లాక్కుని, మూత తిప్పి, తను తాగింది.

చల్లారడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా గట్టు మీద కూర్చున్నాం. ఎదురుగా గులాబీ, తెలుపు, ఇటుకరంగు బండరాళ్ళు ఆకాశమంత ఎత్తున నిలబడి ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి చూసే చోటది. నేను చక్రాన్ని చూస్తూ కూర్చున్నాను.

“గేరు కర్ర చివర ఒక బొత్తాం ఉంది. అది నొక్కితే దిగుడులో బండి తనే చిన్న గేరులో ఉండి ఇంజనుతో పట్టి ఉంచుతాది. మొన్న మీరు పడుకున్నాక పుస్తకంలో చదివాను” అంది.

“మరి చెప్పొచ్చు కదా?”

“అరవొద్దన్నారు కదా.”

వెటకారం లేదు ఆ గొంతులో. ఉంటే పోట్లాడి తప్పించుకునేవాణ్ణి.

“నాన్న అనేవాడు, ఎక్కిన గేరులోనే దిగాలని. సుంకి ఘాట్లో పెట్రోలు ఆదా అని న్యూట్రల్ చేసినోళ్ళ లారీలు లోయలో ఉండేవి, పైనుంచి చూపించేవాడు” అంది. లారీ డీజిలు మీద నడుస్తుందని సరిదిద్దబోయి, ఈసారికి నోరు మూసుకున్నాను.

అప్పుడు నాకు 2006 గుర్తొచ్చింది. నిజానికి అదెప్పుడూ మరిచిపోయింది కాదు, దాని మీద ఏదో ఒకటి కప్పుతూ వచ్చాను, అంతే. ఆ ఏడు మామయ్యగారు మా ఇంటికి వచ్చారు. ఒక శనివారం నలుగురు మిత్రులు కుటుంబాలతో భోజనాలకు వచ్చారు. అందులో ఒకాయన మర్యాదకు, “మీరేం చేసేవారండీ?” అని సూటిగా ఆయన్నే అడిగాడు. ఆయన పులుసు కలుపుకుంటున్న చెయ్యి ఆపి, చెప్పడానికి మొహం పైకెత్తారు. ఆయన నోరు తెరిచేలోపు వంటింటి గుమ్మంలోంచి నేనందుకున్నాను: “ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ అండీ.”

ఆయన నావైపు చూశారు. కోపమేమీ లేదు. కొత్త రూట్లో బోర్డు చదువుతున్నట్టు ఒక్క క్షణం చూసి, “ఆ, అదేనండి” అని, తల వంచుకుని అన్నం తిన్నారు. ఆ రాత్రి గరాజులో లైటు వెలుగుతోందేమని వెళ్తే, ఆయన నా కారు ముందు టైరు దగ్గర కూర్చుని అరుగుదల తడిమి చూస్తున్నారు. “లోపలి అంచు తినేస్తంది బాబూ. అలైన్‌మెంటు చూపించుకో” అన్నారు. చూపించుకుంటానన్నాను. 2014లో ఆయన పోయారు. ఎనిమిదేళ్ళు ఉంది నాకు, ఒక్క ఫోను చేసి ఒక్క మాట చెప్పడానికి. కారు అలైన్‌మెంటు మాత్రం సోమవారమే చేయించాను.

ఇది మా ఆవిడకు తెలుసా అని అడిగితే, ఆ రోజు ఆవిడ ఆ గదిలోనే గారెలు వడ్డిస్తోంది. పన్నెండేళ్ళుగా మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. గట్టు మీద కూర్చుని నేను ఎత్తుదామని గొంతు సవరించుకున్నాను. “చల్లారింది, ఎక్కండి” అని ఆవిడ లేచింది. బండి కదిలే ముందు ఆ రెండు రాళ్ళనూ తీసి, ఎక్కడివక్కడ, మట్టిలో వాటి అచ్చు చూసి మరీ పెట్టింది. ఇక్కడ రాయి కదపకూడదన్న బోర్డు నేను చదవలేదు, ఆవిడ చదివింది. “రాయి రోడ్డు మీద వదిలొస్తే నాన్న క్లీనర్ని మళ్ళీ ఎనక్కి నడిపించేవోడు” అంది.

ఆ బొత్తాం నొక్కుకుని, ఆవిడ చెప్పిన వేగంలో, దిగువనున్న స్ప్రింగ్‌డేల్ చేరాం. అక్కడ పార్కింగులో నిలబడి అద్దె కంపెనీకి ఫోను చేసి, ఆవిడ లైసెన్సు ఫోటో పంపి, అదనం కట్టి, ఆ ఖాళీ గడి నింపించాను. వెయ్యాల్సిన సంతకాలు వేసి తాళాలిచ్చాను. ఆవిడ సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు మూడూ సరిచేసింది, స్టీరింగు తాకి కళ్ళకద్దుకుంది. తర్వాత ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయలు తీసి నా చేతిలో పెట్టి చక్రాల కింద పెట్టమంది. పులిహోరకని తెచ్చుకున్నవి, ఉన్నవి నాలుగే. నేను వంగి పెడుతూ, అలవాటు కొద్దీ, ఎవరైనా చూస్తున్నారా అని ఒకసారి అటూ ఇటూ చూశాను. ఇది కూడా ఒప్పుకోవాలి. కొండ మీద అంత జరిగాక కూడా చూశాను.

ఆపైన తొమ్మిది రోజులు ఆవిడే డ్రైవరు, నేనే క్లీనరు. బ్రైస్ కేన్యన్‌లో రాత్రి నీళ్ళు గడ్డకట్టే చలి. ఏడాదిలో ఇంచుమించు సగం రోజులు అక్కడ రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతుందట, ఆ గడ్డకట్టడమే రాతిని చీల్చి ఆ వేలాది స్తంభాలను చెక్కింది. మా బ్యాటరీ అయిపోయి హీటరు ఫ్యాను ఆగింది, అదీ నేను ల్యాప్‌టాప్ ఛార్జింగులో పెట్టి పడుకున్నందుకే. దాని గురించి ఎక్కువ చెప్పను, వెధవ పనులకు కూడా ఒక కోటా ఉండాలి.

కానీ పన్నెండో నంబరు రోడ్డు గురించి చెప్పాలి. ఎస్కలాంటే దాటాక బౌల్డర్ అనే ఊరికి ముందు, రోడ్డు ఒక సన్నటి కొండ వీపు మీదుగా పోతుంది. హాగ్‌బ్యాక్ అంటారు. రెండు పక్కలా లోయే. పక్కన గోడ లేదు, కమ్మీ లేదు. నేను కుడిచేత్తో తలుపు పిడి, ఎడంచేత్తో సీటు పట్టుకుని, కాళ్ళతో లేని బ్రేకులు తొక్కుతున్నాను. ఆవిడ గడ్డం కాస్త ముందుకు చాపి, రెండు చేతులూ స్టీరింగు మీద వదులుగా వేసి, గేరు కర్ర చివర బొటనవేలు ఆనించి కూర్చుంది. వంపు వచ్చేముందే వేగం తగ్గుతోంది. వంపులో బ్రేకు లేదు. వంపు తిరిగాక ఇంజను శ్రుతి మారుతోంది, అంతే. ఆ శ్రుతికి తగ్గట్టు పెదాలు కదులుతున్నాయి. పాతికేళ్ళు ఈ మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఎడమకు తిప్పమని మ్యాపు చదివించాను.

యెల్లోస్టోన్‌లో హేడెన్ లోయ దగ్గర బైసన్ల మంద రోడ్డెక్కింది. వాటికి 25 గజాల దూరంలో ఉండాలని పార్కువాళ్ళ నియమం. బైసన్లకు ఆ నియమం తెలియదు. ఒకటి మా హెడ్‌లైటు పక్కనే నిలబడి మూపు తిప్పింది. ముందు కార్లవాళ్ళు హడావిడి పడుతున్నారు. ఆవిడ ఇంజను ఆపేసి, స్టీరింగు మీద గడ్డం ఆనించి, “పొట్టంగి సంతనాడు గేదెలు ఇలగే” అంది. గంట ఆగాం. ఆ గంట చాలా బాగుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ కూడా చూశాం, దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

క్లీనరుగా నేను మెరుగుపడ్డానని చెప్పలేను. ఆర్చెస్ పక్కనున్న మోయబ్ దగ్గర వెనక్కి తీయించేటప్పుడు “రానీ” అనడానికి బదులు “ప్లీజ్” అన్నానని ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. 2,300 మైళ్ళు తిరిగి లాస్‌వేగస్‌లో బండి అప్పగించాం. మూతకూ, బంపరుకూ డిపాజిట్లోంచి కోసుకున్నారు, న్యాయమే. ప్రమాద సమయంలో బండి ఎవరు నడుపుతున్నారన్న గడిలో నా పేరు రాశాను. ఈసారి కాయితాల్లో ఏ గడీ ఖాళీగా వదల్లేదు.

ఆ దీపావళికి మా ఇంట్లో భోజనాలు. కొత్తగా డాలస్ వచ్చిన ఒక జంట ఉంది. ఆ అమ్మాయి గోడ మీద దండ వేసిన ఫోటో చూసి, “మీ నాన్నగారా అండీ? ఏం చేసేవారు?” అని మా ఆవిణ్ణి అడిగింది. నేను వంటింటి గుమ్మంలోనే ఉన్నాను. ఈ ప్రశ్న కోసం నెలన్నరగా సిద్ధంగా ఉన్నాను. అద్దం ముందు అని చూసుకున్నాను కూడా. చేతిలో పళ్ళెం పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాను.

మా ఆవిడ పూరీలు వత్తుతూ తలెత్తి, నా కళ్ళలోకి చూసింది.

“ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్ అండీ” అంది తాపీగా.

ఆపైన బల్ల మీద అరచేత్తో రెండు చరుపులు చరిచింది. నేను పళ్ళెం తీసుకుని ముందుకు కదిలాను.